గుంపుగా సైకిల్ తొక్కేటప్పుడు రోడ్డు భద్రత: నెల్లూరు, ప్రకాశం దారులకు సమగ్ర మార్గదర్శి

‘మా కాలేజీ తరఫున మైపాడు బీచి దాకా సైకిల్ రైడ్ పెడుతున్నాం, ఏమేం చూసుకోవాలి?’ అని కొందరు, ‘ఒంటరిగా బాగానే తొక్కుతాను, గుంపులోకి వస్తే చేతులు బిగుసుకుపోతాయి, ఏం చేయాలి?’ అని మరికొందరు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మొదటి ప్రశ్న నిర్వాహకులది, రెండోది రైడర్లది. రెండింటికీ ఆధారం ఒక్కటే: మీరు మరుక్షణం ఏం చేయబోతున్నారో మీ వెనకున్న సైకిలుకు, దాని వెనకున్న లారీకి ముందే తెలియాలి. కింద చెప్పే ప్రతి పనీ అందుకోసమే.

1 నుంచి 4 వరకు నిర్వాహకులకు, 5 నుంచి అందరికీ.

1. ముందు ఏ రకం కార్యక్రమమో తేల్చండి

ర్యాలీ అంటే 5 నుంచి 10 కిలోమీటర్లు, పిల్లలూ పెద్దలూ కలిసి, ఊరి లోపల, నెమ్మదిగా. రైడ్ అంటే 20 నుంచి 60 కిలోమీటర్లు, మామూలు వాహనాల మధ్యే. బ్రెవే అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్: 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. రాత్రిపూట దీపాలు, వెలుగు పడితే మెరిసే జాకెట్ అందులో తప్పనిసరి. ఇవేవీ పందేలు కావు.

పందెం పెట్టాలంటే రోడ్డు పూర్తిగా మూయాలి. మూయలేనప్పుడు ‘మొదట చేరినవారికి బహుమతి’ అన్న మాట కరపత్రంలోనే ఉండకూడదు. ఆ ఒక్క వాక్యం వల్ల, పద్ధతిగా తొక్కే మనిషి కూడా చివరి రెండు కిలోమీటర్లలో బస్సును కుడి పక్క నుంచి దాటాలని చూస్తాడు. బహుమతి ఇవ్వాలనిపిస్తే లాటరీ తీయండి, పద్ధతిగా నడిచిన బృందానికి ఇవ్వండి.

2. దారిని అదే వారం, అదే వేళకు తొక్కి చూడండి

కారులో వెళ్లి చూస్తే గుంతలు కనిపించవు. ఆదివారం ఉదయం కార్యక్రమమైతే, అంతకు ముందు ఆదివారం అదే వేళకు ఇద్దరు సైకిళ్ల మీద వెళ్లాలి. ఒకరు తొక్కడం, ఇంకొకరు రాసుకోవడం.

మన దారుల్లో ముఖ్యంగా చూడాల్సినవి:

భారీ లారీలు. కృష్ణపట్నం ఓడరేవు వైపు వెళ్లే రోడ్డు, చీమకుర్తి నుంచి ఒంగోలు వైపు గ్రానైట్ లారీలు వచ్చే రోడ్డు కొత్త రైడర్ల గుంపుకు పనికిరావు. తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి. లారీకి ఆదివారం లేదు.

జాతీయ రహదారి 16. దానిని ఎన్నిసార్లు దాటాలో లెక్కపెట్టండి. వీలైతే వంతెన కింది దారి గుండానే దాటించండి. సర్వీసు రోడ్డు ఖాళీగా కనిపించినా అక్కడ ఎదురుదిశలో వచ్చే మోటారు సైకిళ్లు, ధాబాల ముందు దీపాల్లేకుండా ఆగి ఉన్న లారీలు ఉంటాయి.

ఎండ పడే దిక్కు. దీన్ని చాలామంది పట్టించుకోరు. నెల్లూరు నుంచి మైపాడు, ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లాలంటే తూర్పు ముఖంగా సాగాలి. సూర్యుడు పొడిచిన తర్వాత దాదాపు ముప్పావు గంట వెలుగు సూటిగా కళ్లలో పడుతుంది. మీకే కాదు, మీ వెనక వచ్చే డ్రైవరుకు కూడా. అద్దం మీద దుమ్ముంటే అతనికి మీరు కనిపించనే కనిపించరు. ఇక్కడ మే చివర 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:35 ప్రాంతంలో సూర్యోదయం. కొత్తవారి మొదటి రైడ్‌కు నేనైతే నెల్లూరు నుంచి పడమటగా జొన్నవాడ వైపే ఎంచుకుంటాను. ఎండ వీపున పడుతుంది, వెనకవాళ్లకు మీరు స్పష్టంగా కనిపిస్తారు, తిరిగి వచ్చేసరికి సూర్యుడు పైకి ఎక్కి ఉంటాడు. ఎదురుగా వచ్చే డ్రైవర్ల కళ్లలో మాత్రం అదే ఎండ పడుతుందని మరవకండి, ఎడమ పక్క వదలకండి. తూర్పుకే వెళ్లాలనుకుంటే వెనక ఎర్ర దీపం పగలు కూడా వెలగాలి.

వరికోతలు. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లతో నిండుతుంది. అందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు, ఆరబోసుకోవడానికి కళ్లం లేకనే కదా రోడ్డు మీదికి వచ్చాడు. కానీ వడ్ల మీద చక్రం పడితే గోళీల మీద కాలు వేసినట్లే. రాశుల పక్కన పెట్టిన రాళ్లు, ముళ్లకంపలు వడ్లు ఎత్తిన తర్వాత కూడా అక్కడే మిగిలిపోతుంటాయి. ఆ రోజుల్లో దారి మార్చండి, లేదా తేదీ మార్చండి.

గాలి, మంచు. ఎండాకాలం చివర పడమటి గాలి మొదలైతే బీచికి వెళ్లడం సుఖం, రావడం నరకం. అలసిన మనిషి వంకర టింకరగా తొక్కుతాడు, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఎక్కువ సమయం లెక్కవేయండి. చలికాలంలో పెన్నా ఒడ్డున, పొలాల మధ్య పొగమంచు ఉంటే అది విడిచేదాకా బయలుదేరొద్దు.

వెనక్కి తిరిగే చోటు. రోడ్డు మధ్యలో కోన్ పెట్టి అక్కడి నుంచి తిప్పించవద్దు. ఖాళీ స్థలంలోకి దింపి, కాసేపు ఆపి, మళ్లీ బృందంగా రోడ్డెక్కించండి. బయలుదేరే చోటుకూ ఇదే నియమం: బడి మైదానం కావాలి, రోడ్డు పక్క కాదు.

3. అనుమతులు, ఫోన్లు

దారి ఎన్ని పోలీసు స్టేషన్ల పరిధిలో పడుతుందో చూసి ప్రతి స్టేషనుకూ రాతపూర్వకంగా తెలపండి. పట్టణంలో పోలీసు చట్టం 30వ సెక్షన్ అమలులో ఉంటే అనుమతి లేకుండా ర్యాలీ తీయకూడదు. లేఖలో ఇవి ఉండాలి:

- తేదీ, బయలుదేరే వేళ, ముగిసే వేళ
- దారి పటం, రోడ్డు దాటే కూడళ్ల పేర్లు
- ఎంతమంది, వారిలో పిల్లలెందరు
- ఏ కూడలిలో ఎవరి సాయం కావాలో
- బాధ్యుడి పేరు, ఆ రోజు ఎత్తే ఫోను నంబరు

వాలంటీర్లందరి ఫోనులో 108, 112, జాతీయ రహదారి సహాయానికి 1033, దారిలోని ఆసుపత్రి నంబరు ముందే దాచి ఉండాలి. దారిలో ప్రతి మూడు కిలోమీటర్లకు ఒక గుర్తు (గుడి, కాలువ వంతెన, కిలోమీటరు రాయి) రాసి అందరికీ ఇవ్వండి. 108కు ఫోను చేసినవారు ‘రోడ్డు మీద, పొలాల పక్కన’ అంటే అంబులెన్సు ఎక్కడికి రావాలి?

4. గుంపును ముక్కలు చేయండి

నిర్వాహకులు ఎక్కువగా వ్యతిరేకించే మాట ఇదే. నలభై మంది ఒకే వరుసలో వెళితే ఫొటో బాగుంటుందంటారు. కానీ లెక్క చూడండి.

సైకిలుకూ సైకిలుకూ మధ్య 5 మీటర్ల ఎడం ఉంచితే 40 మంది వరుస దాదాపు 270 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తున్న ఆ వరుసను 50 కి.మీ. వేగంతో వచ్చే కారు దాటాలంటే అర నిమిషం పైగా పడుతుంది, ఆ లోపల కారు 450 మీటర్లు పోతుంది. మైపాడు దారిలాంటి చోట ఎదురు వాహనం రాకుండా అంత ఖాళీ దొరకదు. సగంలో ఎదురు బస్సు వస్తే కారు ఎడమకు కోస్తుంది, అంటే మీ మీదికి. అదే 12 మంది అయితే వరుస 80 మీటర్లు, దాటడానికి 10 సెకన్లు చాలు.

కాబట్టి:

- ఒక్కో బృందంలో 12 మందికి మించొద్దు. బృందాల మధ్య కనీసం 200 మీటర్ల ఖాళీ, దాటే కారు మధ్యలో సర్దుకోవడానికి.
- ప్రతి బృందానికి ముందు ఒక నాయకుడు, చివర ఒక కాపలాదారు. నాయకుణ్ని ఎవరూ దాటకూడదు, కాపలాదారు వెనక ఎవరూ మిగలకూడదు.
- వేగం ప్రకారం బృందాలు వేయండి, స్నేహాల ప్రకారం కాదు. నాయకుడు బృందంలో అందరికంటే నెమ్మదైన మనిషి వేగంతో నడవాలి.
- 12 ఏళ్ల లోపు పిల్లలను వాహనాలు తిరిగే రోడ్డు మీదికి తేవద్దు. వారికి మైదానంలోనో, పోలీసులు మూసిన వీధిలోనో ప్రత్యేకంగా పెట్టండి. పెద్ద పిల్లలైతే ప్రతి నలుగురికీ ఒక పెద్దవారు.
- అన్నిటి వెనక దీపాలు వెలుగుతూ ఒక వాహనం, అందులో నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, సైకిలు ఎక్కించే చోటు.

పాటల పెట్టెతో ముందు నడిచే ఆటోను మాత్రం పెట్టకండి. వెనకనుంచి వచ్చే హారన్, పక్కవారి హెచ్చరిక అందులో కలిసిపోతాయి.

5. ముందు రోజు సాయంత్రం: సైకిలు, హెల్మెట్

ఉదయం ఐదింటికి మైదానంలో చూసుకోవడం కాదు, ముందు రోజు వెలుగుండగానే చూడాలి. పాడైనది బాగు చేయించడానికి దుకాణం తెరిచి ఉంటుంది.

- గాలి: టైరు పక్కన అచ్చు వేసిన హద్దుల్లో. టైరు మీద వేలితో తడిమి ముల్లు ఉందేమో చూడండి. మన దగ్గర పంక్చర్లు చాలావరకు తుమ్మ ముళ్లవే.
- బ్రేకు: లీవర్ పూర్తిగా నొక్కినా హ్యాండిలుకు తగలకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిలును తోస్తే కదలకూడదు. పాత రాడ్డు బ్రేకు సైకిళ్లకు రబ్బరు అరిగిందేమో తప్పక చూడండి.
- చైను: వదులుగా వేలాడకూడదు.
- చక్రాలు: రెండూ బిగువుగా ఉన్నాయా, పక్కకు ఊగుతున్నాయా.
- దీపాలు: ముందు తెల్లది, వెనక ఎర్రది, చార్జింగ్ నిండుగా.
- బట్టలు: చున్నీ నడుముకు బిగించాలి, చైను వైపున్న ప్యాంటు అంచును పైకి మడవాలి లేదా కట్టాలి. హ్యాండిలుకు సంచి తగిలించవద్దు.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఆగాలి, వెనక్కి వాలకూడదు. పట్టీలు చెవుల కింద కలవాలి. గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. నిర్వాహకులకు నా మనవి: టీషర్టులకు పెట్టే డబ్బు హెల్మెట్లకు పెట్టండి. హెల్మెట్ లేనివారిని బయలుదేరనివ్వకండి, ముఖ్య అతిథి అయినా సరే.

6. బయలుదేరే ముందు పది నిమిషాలు: మాటలు, సైగలు

ఉపన్యాసాలు తర్వాత. ముందు మాటలు నేర్పి, అందరి చేతా పైకి అనిపించండి. పొట్టి తెలుగు మాటలు చాలు:

- ‘గుంత!’ అంటూ గుంత ఉన్న వైపు వేలు చూపాలి
- ‘ఆగుతున్నాం!’ అంటూ అరచేయి వెనక్కి చూపుతూ చేయి కిందికి
- ‘వెనక బండి!’ చివరి నుంచి ముందుకు అందించాలి
- ‘ఎదురు బండి!’ ముందు నుంచి వెనక్కి అందించాలి
- ఎడమ, కుడి: ఆ వైపు చేయి చాచాలి, తిరిగే ముందే, తిరుగుతూ కాదు

చెయ్యి తీయడానికి భయపడేవారు నోటితో చెబితే చాలు. గుంత మీద చెయ్యి వదిలి పడిపోవడం కంటే అదే మేలు. ‘రండి, దారి ఖాళీగా ఉంది’ అనే మాట మాత్రం ఎవరూ అనకూడదు. ముందువాడికి ఖాళీగా ఉన్న కూడలి ఏడోవాడు వచ్చేసరికి ఖాళీగా ఉండదు. ఎవరి కళ్లతో వారే చూసి దాటాలి.

7. రోడ్డు మీద

ఎడమ వైపు, ఒకే వరుస. పోలీసులు ఒక పక్క మూసి ఇస్తే తప్ప జంటగా తొక్కవద్దు. కబుర్లు టిఫిను దగ్గర చెప్పుకోవచ్చు. అయితే తారు అంచు మీద కాకుండా దానికి రెండడుగుల లోపల తొక్కండి. అంచు విరిగి ఉంటుంది, కింద కంకరలోకి చక్రం జారితే మళ్లీ పైకి ఎక్కించబోయి పడిపోయేవారే ఎక్కువ. జారితే కంగారుపడకండి, అలాగే నేరుగా పోతూ నెమ్మదించి, దిగి, సైకిలు ఎత్తి పెట్టుకోండి.

ఎడం. గంటకు 20 కి.మీ. వేగంలో సైకిలు ఒక్క సెకనులో ఐదున్నర మీటర్లు పోతుంది. కొత్తవారు మూడు సైకిళ్ల నిడివి ఖాళీ ఉంచాలి. ముందువారి వెనక చక్రాన్ని కాదు, వారి భుజాల మీదుగా దూరంగా రోడ్డును చూడండి. గుంపులో చేతులు బిగుసుకుపోయేవారికి ఇదే మందు: చూపు ముందుకు పోతే భుజాలు సడలుతాయి.

చక్రం పక్కన చక్రం. మీ ముందు చక్రం ముందువారి వెనక చక్రం పక్కకు చేరకూడదు. వారు గుంత తప్పించబోయి ఒక్క జానెడు జరిగితే తగిలేది మీ చక్రమే, పడేది మీరే, మీ వెనకవారు మీ మీద.

బ్రేకు. రెండూ కలిపి, మెల్లగా, ముందుగా. గుంపులో గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చిందంటే ఎడం చాలలేదనే అర్థం. స్పీడు బ్రేకరుకు ముందే నెమ్మదించి, దాని మీద బ్రేకు వదిలి, సీటు నుంచి కొద్దిగా లేవాలి. రైలు పట్టాలు అడ్డం వస్తే చక్రం వాటికి లంబకోణంలో ఉండేలా దాటండి. తడిగా ఉంటే దిగి నడవండి.

దాటడం. బృందంలో ఒకరిని ఒకరు దాటవద్దు. ఆగి ఉన్న బస్సును దాటాలంటే మొత్తం బృందం ఆగి, నాయకుడు చూసి, తర్వాత కదలాలి. బస్సుకూ రోడ్డు అంచుకూ మధ్య ఎడమ సందులో దూరడం ఎప్పటికీ వద్దు, ప్రయాణికులు దిగేది అటే.

లారీలు, ట్రాక్టర్లు. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించడం లేదంటే అతనికి మీరు కనిపించడం లేదు. ఎడమకు తిరగబోయే లారీ పక్కన చేరకండి, దాని వెనక చక్రాలు మలుపులో లోపలికి కోస్తాయి. గడ్డి ట్రాక్టరు వెడల్పు దాని చక్రాలతో కొలవవద్దు, గడ్డి ఇంకో మూర బయటికి ఉంటుంది. పెన్నా వంతెనలాంటి ఆరుబయటి చోట పక్కగాలి ఉన్నప్పుడు, పెద్ద లారీ దాటేటప్పుడు గాలి ఆగుతుంది, అది పోగానే ఒక్కసారిగా తోస్తుంది. హ్యాండిలు గట్టిగా, మోచేతులు వదులుగా పట్టండి.

గేదెలు, కుక్కలు. ఒక గేదె రోడ్డు దాటితే రెండోది వస్తుంది, ఆగండి. ముందునుంచి కాకుండా తోక వైపు నుంచి పోండి, దగ్గరగా గంట కొట్టి బెదరగొట్టకండి. కుక్క తరిమితే కాలు విసరవద్దు, అదుపు పోయేది అప్పుడే. గట్టిగా అదిలించి, వదలకపోతే దిగి సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి.

బీచి దగ్గర. చివరి అర కిలోమీటరులో రోడ్డు మీద ఇసుక ఉంటుంది. మలుపులో బ్రేకు వేస్తే జారుతుంది, మలుపుకు ముందే వేగం తగ్గించండి.

ఫోను, ఇయర్‌ఫోన్లు లోపల. ఆగాలంటే చెప్పి, తారు రోడ్డు పూర్తిగా దిగి ఆగాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఎండాకాలమైతే ఓఆర్‌ఎస్ కలిపి. రోహిణి కార్తె రోజుల్లో ఎనిమిదిన్నరకల్లా అందరూ నీడకు చేరేలా ప్రణాళిక వేయండి.

8. తరచుగా కనిపించే తప్పులు, సరిదిద్దే తీరు

- కూడలిలో బృందం విడిపోయింది. వెనకవారు పరుగున దాటకూడదు, ముందువారు అవతల రోడ్డు దిగి ఆగాలి. ఈ మాట బయలుదేరే ముందే చెబితే ఎవరూ తొందరపడరు.
- వాలంటీరు తానే వాహనాలను ఆపుతున్నాడు. ఆ అధికారం పోలీసులదే. వాలంటీరు పని రైడర్లను ఆపడం.
- ఒక కుర్రవాడు చేతులు వదిలి విన్యాసాలు చేస్తున్నాడు. ఒక్కసారి మందలించండి, రెండోసారి వెనక వాహనంలో ఎక్కించండి. వారి పెద్దలు నొచ్చుకుంటారని వెనకాడవద్దు.
- డ్రైవరు హారన్ కొట్టి తిట్టాడు. బదులివ్వవద్దు. చేయెత్తి నమస్కరించి ఎడమకు సర్దుకోండి. మీ ముందు వెళ్తున్న బృందాన్ని కూడా అతను దాటాలి.

9. ఎవరైనా పడిపోతే

ఈ వరుస మార్చవద్దు:

1. ఇద్దరు వెనక్కి, దాదాపు 100 మీటర్లు నడిచి వచ్చే వాహనాలను హెచ్చరించాలి. రెండో ప్రమాదం జరిగేది మొదటిదాని చుట్టూ మూగినవారికే.
2. మిగతావారంతా తారు రోడ్డు దిగాలి.
3. పడినవారిని లాగి నిలబెట్టవద్దు. మెడ, వెన్ను నొప్పి ఉందన్నా, స్పృహ లేకున్నా కదపవద్దు, హెల్మెట్ తీయవద్దు. ఊపిరి ఆడుతోందా చూడండి.
4. ఒకరు 108కు ఫోను చేసి దగ్గరి గుర్తు చెప్పాలి.
5. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి, మాటిమాటికీ తీసి చూడవద్దు.
6. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, అడిగిందే అడగడం ఉంటే, లేచి నవ్వుతున్నా ఆసుపత్రికే.

ఎండదెబ్బకు గుర్తు తడబాటు: మాట పొంతన లేకపోవడం, ఒళ్లు కాలిపోవడం. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108ను పిలవండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

కేసు భయంతో దారిన పోయేవారు వెనకాడుతుంటే చెప్పండి: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఏ సెక్షన్, మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.

దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడవద్దు, పైకి బాగున్నట్టే ఉన్నా సరే.

10. చేరిన తర్వాత

- చేరినవారిని పేరుపేరునా లెక్క చూడండి. మధ్యలో ఇంటికి వెళ్లేవారు కాపలాదారుకు చెప్పి వెళ్లాలని ముందే నియమం పెట్టండి, లేకపోతే ఒకరు తగ్గినప్పుడు పెన్నా కట్ట అంతా వెతకాలి.
- చివరి మనిషి చేరి, వెనక వాహనం వచ్చేవరకు కూడళ్లలోని వాలంటీర్లు కదలకూడదు. సభ, ఫొటోలు ఆ తర్వాతే.
- ఇంటికి తొక్కుకుంటూ వెళ్లేవారికి టిఫిను, అర గంట నీడ, మళ్లీ హెల్మెట్. దూరం నుంచి వచ్చినవారు కారు నడుపుతూ వెళ్లాలంటే ముందు నిద్ర తీర్చుకోవాలి.
- అదే రోజు సాయంత్రం నాయకులు, కాపలాదారులు కూర్చుని ఏ మలుపులో ఎవరు తడబడ్డారో, ఏ బండి ఎక్కడ దగ్గరగా వచ్చిందో దారి పటం మీద గుర్తు పెట్టండి. దెబ్బలు తగలకపోయినా రాయండి. వచ్చే రైడ్‌కు దారి చూడబోయే ఇద్దరి చేతికి ముందుగా ఇవ్వాల్సింది ఆ పటమే.